నాన్న గాంధారం

అటకలకు ఓ అలవాటుంది. ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివీ, అలాగని పారేయడానికి ఎవరికీ చేతులు రానివీ అన్నీ వాటి మీదికే చేరతాయి. చిల్లుపడిన గంగాళం, గొలుసు తెగిన ఉయ్యాలబల్ల, తాతగారి ట్రంకుపెట్టె, ఎప్పుడో ఆగిపోయిన గోడగడియారం... వీటిలో చాలావాటికి తొందరేమీ లేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత దించినా గంగాళం గంగాళమే. చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది. సంగీత వాద్యం సంగతి అలాకాదు. వాయించకుండా వదిలేస్తే అది ఏ రోజుకారోజు కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది. తోలు బిగుసుకుపోతుంది. బంక పొడిబారుతుంది. చెక్క వంగుతుంది. ఇత్తడికి చిలుం పడుతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. మూత వేసే ఉంటుంది కదా!

పాశ్చాత్య దేశాల్లో ఎన్నో పాత పియానోలకు ఈ గతే పట్టింది. మన పల్లెలకు పియానోతో పెద్దగా పరిచయం లేదు. మనకు తెలిసిన మెట్ల వాద్యం హార్మోనియమే. అందులోనూ నాటకాల వాళ్ళది కాళ్ళ హార్మోనియం. కుర్చీలో కూర్చుని, కింద రెండు పెడల్స్ తొక్కుతూ, పైన రెండు చేతులతో వాయించేది. ఆట అయిపోగానే కాళ్ళు మడిచి మూత బిగిస్తే సూట్‌కేసు మాదిరి చేతికొస్తుంది. ఎడ్లబండిలోనో, బస్సు టాపు మీదో వేసుకుని మరో ఊరు వెళ్ళిపోవచ్చు.

తెనాలి దగ్గర ఓ పల్లెలో అలాంటి పెట్టె ఒకటి పాతికేళ్ళకు పైగా అటక మీద ఉండిపోయింది. దాని యజమాని నాటకాల్లో హార్మనీ మాస్టారు. 1996లో ఆయన పోయారు. కొడుకు బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని ‘మేనేజరుగారు’ అనే పిలుస్తారు. పాత పెంకుటిల్లు తీసేసి డాబా కట్టాలనుకున్నప్పుడు అటక ఖాళీ చేయాల్సొచ్చింది. అప్పుడు దిగింది పెట్టె. ఎలుకలు కొట్టిన మూల నుంచి గుడ్డపీలికలు వేలాడుతున్నాయి. పెడల్ తొక్కితే ఉస్సుమంది తప్ప ఇంకేమీ పలకలేదు.

వీడియో కాల్‌లో చూసిన కొడుకు మంచి మాటే చెప్పాడు. ‘పారేయొద్దు నాన్నా. శుభ్రంగా పాలిష్ పెట్టించి కొత్త ఇంట్లో హాల్లో పెడదాం. తాతయ్య గుర్తుగా ఉంటుంది’ అని. మేనేజరుగారికీ అది బాగానే ఉందనిపించింది. ఆయనకు హార్మోనియం రాదు. తండ్రి నేర్పలేదు. రాత్రంతా మేలుకోవడం, పగలంతా బస్సుల్లో నిద్ర, పండగ పూట పరాయి ఊరు... ఈ బతుకు కొడుక్కి వద్దనుకున్నారాయన. చదువుకొమ్మన్నారు. పెట్టె ముట్టుకోవద్దన్నారు.

పారిస్ నుంచి పల్లెకు

ఈ పెట్టె మనది కాదు. ఇందులో రాగం పలికేది రీడ్ల వల్ల. ఇత్తడి చట్రంలో ఒకవైపు మాత్రమే బిగించిన పలుచని ఇత్తడి నాలుక. గాలి తోస్తే అది కంపించి స్వరం పుడుతుంది. ఈ సూత్రంతో ఐరోపాలో రకరకాల వాద్యాలు తయారయ్యాయి. 1840ల తొలినాళ్ళలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ అనే వాద్యాల తయారీదారు తన పెట్టెకు హార్మోనియం అని పేరుపెట్టి హక్కులు తీసుకున్నాడు. పియానో కన్నా తేలిక. వాతావరణానికి తీగల్లా సాగిపోదు. అందుకే మిషనరీలు, దొరలు ఓడల్లో వెంట తెచ్చుకున్నారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని మన పద్ధతికి మలిచాడు. నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ మరో చేత్తో వాయించే పెట్టె 19వ శతాబ్ది చివరికి దేశమంతా పాకింది.

తెలుగు నాటకం దాన్ని రెండు చేతులా ఆహ్వానించింది. ధార్వాడ, పార్సీ నాటక సమాజాలు మన ఊళ్ళలో ఆడి చూపించిన పాటల నాటకాలు, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పెంచిన పద్యాలు, పాటలు... వీటన్నిటికీ శ్రుతి పట్టే వాద్యం కావాలి. మైకులు లేని రోజులు. వెయ్యిమంది జనం. చివర్న చింతచెట్టు కింద కూర్చున్న వాడిక్కూడా పద్యం వినిపించాలి. నటుడు గొంతెత్తితే తంబురా దానికి చాలదు. హార్మోనియం చాలుతుంది. అయితే నటుడు రాగం ఎత్తుకుని ఎటు వెళతాడో అతడికే తెలియదు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ళు కృష్ణుడి వేషం కట్టిన కాలంలో ఒక్కో పద్యానికి ‘వన్స్ మోర్’ అంటూ ఈలలు. రెండోసారి పాడితే మొదటిసారిలా పాడరు. పెట్టె దగ్గరున్న మనిషి రాగం కొసను పట్టుకుని వెంట వెళ్ళాలి. నటుడు ఊపిరి తీసుకునే చోట ఖాళీ నింపాలి. మళ్ళీ ఎత్తుకునే లోపు తప్పుకోవాలి. కరపత్రంలో వేషధారుల పేర్లన్నీ అయ్యాక చివర్లో ఎక్కడో ‘హార్మనీ’ అని ఆయన పేరుంటుంది.

పెద్ద సంగీతం మాత్రం ఈ పెట్టెను లోపలికి రానివ్వలేదు. దాని మెట్లు ఎక్కడివక్కడే. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం కుదరదు, గమకం పలకదు అన్నది మొదటి అభ్యంతరం. స్వరాల స్థానాలు మన శ్రుతులతో సరిపోవన్నది రెండోది. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. ఆ 31 ఏళ్ళలోనూ పల్లెటూరి పందిళ్ళలో పెట్టె పలుకుతూనే ఉంది. ఆకాశవాణివారి అభ్యంతరంలో నిజముంది. ఆ నిజం నాటకాల హార్మనీ మాస్టార్లకు తెలియక కాదు. ఈ కథ అసలు అక్కడే ఉంది.

‘వాయించేవాడున్నాడా?’

పెట్టెను బాగుచేసే మనిషి కోసం మేనేజరుగారు చాలా తిరిగారు. కొత్త పెట్టెలు అమ్మే చోట ‘ఇది పెట్టుకుని ఏం చేస్తారు సార్, ఈ డబ్బుకు కీబోర్డే వస్తుంది’ అన్నారు. చివరికి విజయవాడలో ఓ సాయిబుగారి గురించి తెలిసింది. డెబ్బై అయిదు దాటాయి. చిన్నప్పుడు నాటక సమాజాల వెంట సామాన్లు మోస్తూ తిరిగి, పెట్టెలు విప్పి బిగించడం నేర్చుకున్న మనిషి. పెట్టె ముందు పెట్టగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు.

‘వాయించేవాళ్ళున్నారా బాబుగారూ?’

‘లేరు సాయిబుగారూ. హాల్లో పెట్టుకుందామని...’

‘అయితే నేనెందుకు? పాలిష్ మేస్త్రి చాలు. రెండ్రోజుల పని. నేను లోపల అంతా చేసి ఇస్తాను, మీరు మూత వేసి పెడతారు. నాలుగేళ్ళకు మళ్ళీ ఇట్లాగే అవుద్ది.’

మేనేజరుగారికి ఏం చెప్పాలో తోచలేదు. సాయిబుగారు మాట్లాడుతూనే మూత ఎత్తి, మెట్ల మీద వేలు పోనిచ్చారు. మధ్య స్థాయిలో ఐదో తెల్లమెట్టు దగ్గర వేలు ఆగింది. దాని పైపలక గుంట పడింది. పక్కన ఉన్నవాటికి ఆ అరుగుదల లేదు. ‘మీ నాన్నగారు ఐదు శ్రుతి వాళ్ళకు ఎక్కువ వాయించేవారు’ అన్నారు. కొడుక్కి తెలియని సంగతి అది. తండ్రి చేతులు పెట్టె మీద ఎక్కడ ఉండేవో ఆయన ఏనాడూ గమనించలేదు. ‘బాగుచేయండి సాయిబుగారూ. వాయించేవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం’ అన్నారు.

‘వానలు పోనీయండి. చెక్క తడి లాగిన రోజుల్లో బంక వేయకూడదు’ అని పెట్టె ఉంచుకున్నారు సాయిబుగారు.

ముందు ఊపిరి

చాలామంది హార్మోనియం పలకకపోతే రీడ్లు పోయాయనుకుంటారు. నిజానికి ముందు పోయేది ఊపిరి. కార్తీకంలో పని మొదలైనప్పుడు సాయిబుగారు రీడ్ల జోలికే వెళ్ళలేదు. తిత్తి విప్పారు. పెడల్ తొక్కితే కింది చిన్న తిత్తులు గాలిని తోస్తాయి. ఆ గాలి పెద్ద తిత్తిలో నిలవుంటుంది. స్ప్రింగుల ఒత్తిడికి అక్కడి నుంచి రీడ్ల దగ్గరికి నిలకడగా వెళుతుంది. మధ్యలో తోలు రెక్కలుంటాయి. గాలిని లోపలికి రానిస్తాయి, వెనక్కి పోనివ్వవు. ఆ తోలు ఎండి అట్టముక్కలా అయింది. తిత్తి మడతల దగ్గర గుడ్డ చీకిపోయింది. బంకలో ఉండే పిండి కోసం పురుగు చేరి మూలలన్నీ తినేసింది.

మూలలకు మెత్తని మేకతోలు అతికారు. మడతలకు గాలి దూరని గుడ్డ వేశారు. ఇక్కడే సాయిబుగారి పట్టుదల ఒకటుంది. బజార్లో దొరికే తెల్లబంక ఆయన తిత్తికి వాడరు. పాతకాలం వడ్రంగుల్లా తోళ్ళ నుంచి తీసిన బంక పలుకుల్ని నానబెట్టి, నీళ్ళగిన్నెలో మరో గిన్నె పెట్టి కాచి వాడతారు. వాసన భరించలేం. ‘ఎందుకీ తిప్పలు?’ అని అడిగితే ఆయన చెప్పిన సమాధానం చిన్నది. ‘తెల్లబంక గట్టిదే. కానీ రేపు ఇంకొకడు విప్పాలంటే చెక్క చీలుద్ది. ఇది వేడినీళ్ళ గుడ్డ పెడితే వదులుద్ది. నా తర్వాత కూడా ఈ పెట్టెను విప్పేవాడు ఉంటాడు గదా.’

తర్వాత మెట్లు. ప్రతి మెట్టు కింద గాలిరంధ్రాన్ని మూసే చెక్కముక్క ఉంటుంది. దానికి అతికించిన తోలు గట్టిపడితే రంధ్రం పూర్తిగా మూసుకోదు. అప్పుడు మెట్టు నొక్కకపోయినా స్వరం సన్నగా కూస్తూనే ఉంటుంది. మొత్తం 42 మెట్లు. తోళ్ళన్నీ మార్చారు. స్ప్రింగులు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసి, బలం తగ్గినవాటిని వంచి సరిచేశారు. పెద్ద తిత్తి నిండా గాలి పట్టించి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలేసి చూశారు. మొదటిరోజు చూస్తుండగానే దిగిపోయింది. సన్న సందులు వెతికి మూశాక నెమ్మదిగా, ముసలాయన కుర్చీలోకి దిగినట్టు దిగింది. ‘ఇప్పుడు పెట్టెకు ప్రాణం ఉంది. గొంతు సంగతి చూద్దాం’ అన్నారు.

అరిగిన ఐదో మెట్టును మాత్రం మార్చలేదు. ఊడివస్తున్న పలకను మళ్ళీ అతికించి, గుంటను గుంటగానే ఉంచారు. మేనేజరుగారు అడగకుండానే!

తీసిన ఇత్తడి తిరిగి రాదు

రీడ్లు బాగుచేయడంలో చేయకూడనివే ఎక్కువ. నూనె వేయకూడదు. వేస్తే ఆ పూటకు వదులైనట్టుంటుంది, వారం తిరిగేసరికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గరుకు కాగితం పెట్టకూడదు. మెరుపు కోసం తోమకూడదు. స్క్రూలు విప్పి రీడును బయటికి తీయాలి. మెత్తని కుంచెతో దులపాలి. నాలుకకు, చట్రానికి మధ్య వెంట్రుక పట్టేంత సందులో పలుచని కాగితం పోనిచ్చి, ఇరుక్కున్న దుమ్ము లాగాలి. ఈ పెట్టెలో మెట్టుకు రెండు చొప్పున మొత్తం 84 రీడ్లు. ఒక వరుస మంద్రం, ఒక వరుస పైస్థాయి. సాయిబుగారు రోజుకు ఆరేడు మించి చేయలేదు. కళ్ళు సహకరించవు.

శుభ్రం చేశాక చాలా రీడ్లు వాటంతటవే శ్రుతికి దగ్గరగా వచ్చేశాయి. అపస్వరం అనుకున్నది సగం దుమ్మే. మిగిలినవి సరిచేయడానికి ఒకటే మార్గం, గీకడం. నాలుక కొస దగ్గర గీకితే బరువు తగ్గి స్వరం పైకి లేస్తుంది. మొదట్లో, బిగించిన చోటికి దగ్గరగా గీకితే బిగువు తగ్గి స్వరం కిందికి దిగుతుంది. చదవడానికి తేలిగ్గా ఉంది కానీ చేతికి అంత తేలిక కాదు. ఒక్క గీత ఎక్కువైతే మళ్ళీ రెండోవైపు గీకాలి. అలా అటూ ఇటూ గీకిన కొద్దీ నాలుక పలుచబడి చివరికి విరుగుతుంది. తంబురా తీగ ఎక్కువ బిగిస్తే వదులు చేయొచ్చు. రీడులోంచి తీసిన ఇత్తడిని తిరిగి పెట్టలేం.

అందుకే గీకే ముందు సాయిబుగారు ప్రతి రీడునూ భూతద్దంతో చూస్తారు. అంతకు ముందు ఎవరు ఎక్కడ గీకారో గుర్తులుంటాయి. అలా చూస్తుండగా దొరికాయి ఆ ఆరు రీడ్లు.

మూడు స్థాయిల్లోనూ ఏడో తెల్లమెట్టువి. మెట్టుకు రెండు చొప్పున ఆరు. మనవడి సెల్‌ఫోన్‌లో శ్రుతి చూపించే మీటరు పెట్టి చూస్తే మిగతావన్నీ అటూ ఇటూగా దారికొచ్చాయి. ఇవి మాత్రం తక్కువగా పలుకుతున్నాయి. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే పదమూడు, పద్నాలుగు భాగాలు కింద. ఒకటో రెండో అయితే చిలుం అనుకోవచ్చు. ఆరుకు ఆరూ ఒకేవైపు, ఒకే కొలతలో తప్పుతాయా? భూతద్దం కింద చూస్తే ఆరింటికీ మొదట్లో సన్నని గీతలు. ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్ళలా, ఓపిగ్గా గీసిన గీతలు.

సాయిబుగారు కబురు పంపారు. ‘బాబుగారూ, మీ నాన్నగారి చెయ్యి దొరికింది. వచ్చి చూడండి’ అని.

తప్పు కాదు, చెవి

సంగీతం తెలియని మేనేజరుగారికి సాయిబుగారు పెట్టె దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. ఐదో తెల్లమెట్టును షడ్జమం చేసుకుంటే ఏడో తెల్లమెట్టు అంతర గాంధారం. మోహనలో వచ్చే గాంధారం అదే. నటుడు రాగం తీస్తూ వచ్చి నిలబడే స్వరం. గొంతు తనంతట తాను సుఖంగా నిలబడే గాంధారం లెక్క వేరు. షడ్జమం నాలుగుసార్లు కంపించేలోపు అది ఐదుసార్లు కంపిస్తుంది. అలా కుదిరితే రెండు స్వరాలూ ఒకదాన్లో ఒకటి కరిగిపోతాయి. పెట్టె లెక్క వేరు. ఏ మెట్టునుంచి మొదలుపెట్టినా ఒకేలా ఉండాలని దాని స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు. పియానోకైనా కీబోర్డుకైనా అంతే. ఆ పంపకంలో గాంధారం ఉండాల్సిన చోటు కన్నా కొంచెం పైకి, సరిగ్గా ఆ పద్నాలుగు భాగాల మేరకు జరుగుతుంది. ఆకాశవాణివారి రెండో అభ్యంతరం ఇదే.

హార్మనీ మాస్టారికి ఆ లెక్కలు తెలుసో లేదో! చెవికి తెలుసు. ఐదు శ్రుతిలో నటుడు గాంధారం మీద నిలబడినప్పుడు గొంతు ఒకచోట, పెట్టె ఒకచోట ఉండటం ఆయనకు నచ్చలేదు. ఆకును ఆనుకున్న ముల్లులా గుచ్చుకుని ఉంటుంది. ఆరు రీడ్లూ విప్పి, గీత గీతకూ వింటూ దించుకున్నారు. దానికి మూల్యం ఉంది. వేరే కొన్ని శ్రుతులవాళ్ళకు వాయించాల్సి వస్తే అదే మెట్టు అపస్వరంగా వినిపిస్తుంది. అది తెలిసే చేశారు. ఐదు శ్రుతివాళ్ళ కోసం చేశారు.

సాయిబుగారు షడ్జమం పట్టి, గాంధారం కలిపారు. రెండు స్వరాలూ కదలకుండా నిలబడ్డాయి. పక్కనే కొత్తగా శ్రుతి చేసిన మరో పెట్టెలో అవే రెండు మెట్లు నొక్కారు. సన్నని వణుకు. నీళ్ళ మీద గాలి తగిలినట్టు. ‘తేడా వినబడిందా?’ అన్నారు. అరవై మూడేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి తండ్రి ఏం వినేవారో ఆ కొడుకు విన్నారు.

‘వీటిని ముట్టుకోవద్దు సాయిబుగారూ. ఇట్లాగే ఉంచండి’ అన్నారు.

‘ఉంచుతాను. కానీ వాయించేవాడు రావాలిగా. వాడి మాట కూడా వినాలి.’

కాలితో ఊపిరి

వాయించేవాడు వచ్చాడు. డిగ్రీ చదివే కుర్రాడు. ఆదివారం చర్చిలో కీబోర్డు, శనివారం భజనలో హార్మోనియం, పరిషత్తు పోటీలుంటే పద్యనాటకాలకు. సాయిబుగారి దగ్గరికి తన చిన్న పెట్టె బాగుచేయించుకోవడానికి వస్తూ ఉంటాడు. కాళ్ళ పెట్టె ఎప్పుడూ తొక్కలేదు. మొదటి వారం నానా అవస్థ పడ్డాడు. చేతులు రాగం మీదుంటే కాళ్ళు ఆగిపోయేవి. కాళ్ళు గుర్తొస్తే తాళానికి తొక్కేవాడు. స్వరం ఊగిపోయేది. ‘కాలు తాళానికి కాదురా, ఊపిరికి. నువ్వు నడుస్తూ ఊపిరి పీల్చుకోవడం మానేస్తావా?’ అని సాయిబుగారు కసిరేవారు. కీబోర్డులో శబ్దం పెంచాలంటే మీట తిప్పాలి. ఇక్కడ పద్యం చివర రాగం పైకి లేస్తుంటే కాలు దానంతటది బరువెక్కాలి. నటుడి గొంతు పలచబడితే తేలికవ్వాలి. నెల్లాళ్ళకు దారిలో పడ్డాడు.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. కుర్రాడు వాయించే సమాజంలో ఇప్పుడు హార్మోనియం ఒక్కటే ఉండదు. పక్కన కీబోర్డు ఉంటుంది. వర్షం, యుద్ధం, దేవుడు ప్రత్యక్షం కావడం అన్నీ అందులోనే వస్తాయి. పెట్టె మొత్తం మీద కాస్త హెచ్చుగా ఉంటే ఇబ్బంది లేదు. కీబోర్డునే ఆ మేరకు పెంచుకోవచ్చు. దానికోసం 84 రీడ్లూ గీకక్కర్లేదు. కానీ ఒక్క గాంధారం తక్కువగా ఉంటే? రెండూ కలిసి ఆ స్వరం మీద నిలబడినప్పుడల్లా కొట్టుకుంటాయి. పైగా అందరూ ఐదు శ్రుతివాళ్ళు కారు. మైకులొచ్చాక గొంతులు దిగాయి. ఇప్పుడు రెండు శ్రుతిలో పాడే కృష్ణుడు కూడా ఉన్నాడు.

‘సార్, ఇట్లాగే ఉంచితే ఇంట్లో వాయించుకోవడానికి అద్భుతంగా ఉంటుంది. స్టేజీ మీదికి తీసుకెళ్ళలేను’ అన్నాడు కుర్రాడు, తప్పు చేసినవాడిలా.

మేనేజరుగారు ఆ రోజు ఏమీ అనకుండా ఇంటికెళ్ళిపోయారు. రెండు రోజులు ఫోన్ కూడా చేయలేదు. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. తండ్రి వాయించిన పద్యం ఒక్కటైనా ఎవరూ రికార్డు చేయలేదు. ఫొటోలో కూడా పెట్టె వెనక సగం ముఖమే ఉంది. ఆయన విన్నది, ఆయన కావాలనుకున్నది నిలిచి ఉన్నది ఆ ఆరు ఇత్తడి ముక్కల్లోనే. మీటరు చూసి దాన్ని తప్పు అంటే ఎలా? పోనీ, కదిలించకుండా ఉంచితే పెట్టె ఇంట్లో ఉంటుంది. హాల్లో. మూత వేసి. తండ్రి ఆ ఆరు రీడ్లూ గీసింది హాల్లో పెట్టుకోవడానికి కాదు. ఎదురుగా ఉన్న నటుడికి గొంతు సుఖంగా ఉండాలని. ఇవాళ ఎదురుగా ఉన్నవాడు వేరే.

మూడోరోజు పొద్దున ఫోన్ చేశారు. ‘సాయిబుగారూ, గీకకుండా వేరే దారి లేదా?’

‘ఎందుకు లేదు బాబుగారూ? మీరు అడుగుతారేమోనని చూస్తన్నా!’

దారి చాలా మామూలుది. పాడైన పెట్టెల నుంచి తీసిన పాత రీడ్లు సాయిబుగారి డబ్బాల్లో బోలెడున్నాయి. అదే కొలతవి ఆరు ఏరి, ఇప్పటి శ్రుతికి సరిచేసి బిగించారు. హార్మనీ మాస్టారి ఆరు రీడ్లనూ పొడి గుడ్డలో ఒక్కొక్కటిగా చుట్టారు. ఏది ఏ స్థాయిదో, ఏ వరుసదో చీటీ రాయించి, పొట్లం కట్టి, పెట్టె మూత లోపలివైపు చిన్న గుడ్డసంచి కుట్టి అందులో పెట్టారు. ఒక్క గీత కూడా కొత్తగా పడలేదు. కావాలంటే అరగంటలో పాత గాంధారం పాతచోటికి వస్తుంది.

పెట్టె ఇప్పుడు హాల్లో లేదు. కుర్రాడి దగ్గర ఉంది. కాగితం రాసుకోలేదు కానీ షరతులు రెండు. వారానికి మూడు రోజులైనా తొక్కాలి. వానాకాలంలో నేలమీద పెట్టకూడదు. కొడుకు వీడియో కాల్‌లో ‘అదేంటి నాన్నా, ఇచ్చేశారా?’ అని అడిగితే, ‘ఇవ్వలేదురా, పనికి పంపించాను’ అన్నారు మేనేజరుగారు.

శ్రీరామనవమి పందిట్లో రాయబారం ఆడిన రాత్రి ఆయన మూడో వరుసలో కూర్చున్నారు. కృష్ణుడు నాలుగు శ్రుతి. పక్కన కీబోర్డు ఉంది. పద్యం చివర రాగం పైకి వెళ్ళి నిలబడేసరికి వెనక నుంచి ఎవరో ‘వన్స్ మోర్’ అని అరిచారు. కుర్రాడి కాలు బరువెక్కింది. ఆ రాత్రి పలికిన రీడ్లలో ఆరు వేరేవి. 78 హార్మనీ మాస్టారివి.

ఆట అయ్యాక పెట్టె మడుస్తుంటే మేనేజరుగారు దగ్గరికెళ్ళి చూశారు. మూత లోపలి గుడ్డసంచిలో పొట్లం అలాగే ఉంది. దాని పక్కన చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి కొత్తగా చేరింది.

‘ఇదెందుకు?’ అని అడిగారు.

‘కీబోర్డు లేని ఊళ్ళో ఐదు శ్రుతిలో పాడే మనిషి దొరికితే వేద్దామని సార్’ అన్నాడు కుర్రాడు, మూత బిగిస్తూ.